పన్నెండు టెన్సులూ బట్టీ పట్టాను, అయినా ఇంగ్లీషులో ఒక్క పేరా రాయలేకపోతున్నాను. ఎలా నేర్చుకోవాలి?

డిగ్రీ దాకా తెలుగు మీడియం, టెన్సుల పట్టిక మొత్తం నోటికొచ్చు, ఇంటర్వ్యూలో మీ ఊరి గురించి చెప్పమంటే మాత్రం 'గో' అనాలో 'వెంట్' అనాలో తేలక ఆగిపోయానన్నారు. రాజోలు వైపు అని కూడా రాశారు కాబట్టి మనవైపు సంగతితోనే చెప్తానండి. అమలాపురం దగ్గర సాయంత్రాలు ట్యూషన్ చెప్తుంటాను. టెన్త్ పిల్లలూ వస్తారు, కువైట్ వెళ్ళడానికి కాగితాలు పెట్టుకున్న ఆడవాళ్ళూ వస్తారు. ఇద్దరికీ ఒకే పేరాతో మొదలుపెడతాను.

ముందు ఆ పట్టిక పక్కన పెట్టండి. ఖాళీలు పూరించడానికి అది బాగానే పనికొస్తుంది, మాట్లాడ్డానికి కాదు. ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ అవసరం పడకుండానే ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళున్నారు. మీకు ఇప్పుడు కావలసినవి ఆరే, అవన్నీ ఈ చిన్న పేరాలో ఉన్నాయి:

"ది గోదావరి ఫ్లోస్ పాస్ట్ అవర్ విలేజ్. ఎవ్రీ ఇయర్ ది వాటర్ టర్న్స్ రెడ్. టుడే ది రివర్ ఈజ్ రైజింగ్ ఫాస్ట్. ది ఆఫీసర్స్ హావ్ గివెన్ ది ఫస్ట్ వార్నింగ్. ఇన్ 1986 ది రివర్ బ్రోక్ ది బండ్. మై గ్రాండ్‌ఫాదర్ వాజ్ స్లీపింగ్ వెన్ ది వాటర్ కేమ్. ది బోట్ విల్ కమ్ టుమారో."

ఏటా వచ్చే ఎర్రనీరు, ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, 1986 ఆగస్టులో ఏటిగట్లు తెగడం, ఏటి మధ్య లంకలకి పడవలు. మీకు తెలియనిదేం లేదు ఇందులో. అందుకే ఇది తీసుకుంటాను. టెక్స్ట్‌బుక్‌లో లండన్ అబ్బాయి మంచు మనిషిని చేసే పాఠమైతే, సంగతి అర్థం చేసుకోవడానికే సగం బుర్ర ఖర్చయిపోతుంది.

ఒకసారి పైకి చదివి, క్రియల కింద గీత గీయండి. ప్రతి గీత దగ్గరా "ఎప్పుడు?" అని అడగండి. టెన్స్ పేరు చెప్పక్కర్లేదు. 'ఫ్లోస్', 'టర్న్స్' ఎప్పుడూ జరిగేవి. 'ఈజ్ రైజింగ్' ఇప్పుడు, మనం చూస్తుండగా జరుగుతున్నది. 'ఫ్లోస్' చివర ఆ 'స్' ఎందుకని మా పిల్లలు విసుక్కుంటారు. తెలుగులో పారుతాను, పారుతావు, పారుతుంది అని మనిషి మనిషికీ తోక మారుస్తాం, ఇంగ్లీషువాడు ఒక్కచోటే మారుస్తాడు. అతను, ఆమె, అది వచ్చినప్పుడు. ఆ ఒక్కటీ పెట్టడానికి బద్ధకమైతే ఎలాగండీ?

మనవాళ్ళు గట్టిగా పడేది 'విల్ కమ్' దగ్గర. "పడవ రోజూ వస్తుంది", "పడవ రేపు వస్తుంది". రెంటికీ మనకి 'వస్తుంది' ఒక్కటే. ఇంగ్లీషులో రోజూ అయితే 'కమ్స్', రేపైతే 'విల్ కమ్'. కాబట్టి నోట్లో 'వస్తుంది', 'తింటాను', 'వెళ్తారు' లాంటిది మెదలగానే ఒక్క క్షణం ఆగి, ఇది అలవాటా, ఇంకా జరగాల్సిందా అని చూసుకోవాలి. ఇది చేతికొచ్చాక మా పిల్లల తప్పులు బాగా తగ్గుతాయి.

దీనికన్నా లోతైనది 'హావ్ గివెన్'. "హెచ్చరిక ఇచ్చారు" అనే తెలుగు వాక్యానికి ఇంగ్లీషులో రెండు దారులున్నాయి, 'గేవ్' ఒకటి, 'హావ్ గివెన్' ఒకటి. ఎప్పుడిచ్చారో చెప్తే 'గేవ్'. "దే గేవ్ ది వార్నింగ్ ఆన్ మండే." రోజు చెప్పకుండా, ఇచ్చేశారు, అది ఇప్పుడు అమల్లో ఉంది అని చెప్పాలంటే 'హావ్ గివెన్'. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మీకు తెలుసు కదా. మొదటిది నడుస్తూ ఉండగా 'హావ్ గివెన్' అంటాం. వరద తీసి, హెచ్చరిక ఎత్తేసి, వారం తర్వాత దాని గురించి చెప్పుకుంటుంటే 'గేవ్' అంటాం. అలాగే 1986 అని ఏడాది చెప్పాక 'హాజ్ బ్రోకెన్' కుదరదు, 'బ్రోక్' అనాల్సిందే. చాలామంది గొప్పగా ఉంటుందని 'హాడ్' తగిలిస్తారు, "ఐ హాడ్ గాన్ టు అమలాపురం యెస్టర్డే" అని. నిన్న వెళ్ళినదానికి 'వెంట్' చాలు. జరిగిపోయినవి రెండున్నప్పుడు, అందులో ముందు జరిగిందేదో విడిగా చెప్పాలంటేనే 'హాడ్'.

'వాజ్ స్లీపింగ్' తేలిక. తాత పడుకుని ఉండగా మధ్యలో నీళ్ళొచ్చాయి. సాగుతున్నదానికి 'వాజ్', మధ్యలో వచ్చిపడ్డదానికి 'కేమ్'.

ఇప్పుడు అసలు పని. పేరాని తిరగరాయండి. "టుడే" తీసేసి "లాస్ట్ ఆగస్ట్" పెట్టి, ఏవేవి మారాలో మీరే మార్చండి. తర్వాత ప్రతి వాక్యాన్నీ కాదనండి. పడవ రాలేదు, హెచ్చరిక ఇవ్వలేదు. ఇక్కడే "డిడ్ నాట్ కేమ్" అనేస్తారు. మన 'రాలేదు'ని చూడండి. నేను రాలేదు, నువ్వు రాలేదు, పడవ రాలేదు. ముందున్న 'రా'లో కాలం లేదు, అంతా 'లేదు'లో ఉంది. ఇంగ్లీషులోనూ అంతే, కాలాన్ని 'డిడ్' మోస్తుంది, 'కమ్' కమ్‌గానే ఉంటుంది. మా కువైట్ బ్యాచ్‌లో ఒకావిడకి ఎన్ని రూల్సు చెప్పినా ఎక్కనిది, ఈ 'రాలేదు'తో అక్కడికక్కడే ఎక్కింది.

తిరగరాయడం అయ్యాక మీ సొంత పేరా రాయండి. సార్వా నాట్లు, కొబ్బరి దింపు, కాలువలకి నీళ్ళు వదలడం, ఏదైనా సరే. ఎక్కువ వద్దు, ఏడెనిమిది వాక్యాలు. అందులో రోజూ జరిగేది, ఇప్పుడు జరుగుతున్నది, అయిపోయినది, ఇప్పుడే అయినది, జరగబోయేది ఒక్కొక్కటి ఉండాలి. "నలభై ఏళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాం" అని రాయాల్సి వస్తుంది చూడండి, అక్కడ "వీ ఆర్ లివింగ్ హియర్ సిన్స్ ఫార్టీ ఇయర్స్" అనకండి. "వీ హావ్ లివ్డ్ హియర్ ఫర్ ఫార్టీ ఇయర్స్." ఎన్నాళ్ళో చెప్తే 'ఫర్', ఎప్పట్నుంచో చెప్తే 'సిన్స్ 1986'. మన 'నుంచి' రెండు పనులూ చేస్తుంది కాబట్టి ఈ తికమక.

ఇంగ్లీషు పేపరు చదవమని ఎవరో సలహా ఇచ్చారన్నారు. చదవండి, వరద రోజుల్లో మన జిల్లా వార్తలైతే మరీ మంచిది, పైన చెప్పినవన్నీ దొరుకుతాయి. హెడ్‌లైన్ మాత్రం నమ్ముకోవద్దు. "ఫ్లడ్ వాటర్ ఎంటర్స్ లంక విలేజెస్" అని ఉంటుంది, నీళ్ళు నిన్న రాత్రే వచ్చేసి ఉంటాయి. జరిగిపోయినదాన్ని అలా ఇప్పటిదిలా రాయడం వాళ్ళ హెడ్‌లైన్ల పద్ధతి. కింద మొదటి వాక్యంలో 'ఎంటర్డ్' అనో 'హాజ్ ఎంటర్డ్' అనో ఉంటుంది. గీతలు గీయడం అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.