హంగేరీ వారసత్వ స్థలాల నాణేలు అక్కడి దుకాణంలో చెల్లుతాయా?

చట్టప్రకారం చెల్లుతాయి, కానీ వాటితో ఎవరూ సరుకులు కొనరు.

హంగేరీలోని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల పేరిట వచ్చే ఈ నాణేలను విడుదల చేసేది ఆ దేశ కేంద్ర బ్యాంకే. వాటి మీద దేశం పేరూ, అక్కడి కరెన్సీ అయిన ఫోరింట్లలో విలువా ఉంటాయి. పతకానికీ నాణేనికీ తేడా అక్కడే! అయితే రోజువారీ చలామణీలో ఉండేవి 5 నుంచి 200 ఫోరింట్ల దాకా ఉన్న 6 రకాలే. వారసత్వ నాణేలను సేకరించేవాళ్ల కోసం పరిమిత సంఖ్యలో, తరచూ అద్దంలా మెరిసే ముద్రణతో తయారుచేస్తారు. వేలు తగిలినా మచ్చ పడుతుంది కాబట్టి డబ్బాలోనే దాచుకుంటారు.

హొల్లోకో సంగతే చూడండి. ఇది ఉత్తర హంగేరీలో పాలోత్స్ అనే స్థానిక జనుల పాత ఊరు, 1987 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. దాని పేరిట 2003లో 5000 ఫోరింట్ల వెండి నాణెం వచ్చింది. కిరాణా కొట్లో ఇస్తే లెక్కకు 5000 మాత్రమే. వెండి ధర, అరుదుదనం ఆ లెక్కలోకి రావు.

చాలామంది పొరబడేది ఇక్కడే: నాణెం మీది అంకె దాని అసలు ధర అనుకుంటారు. ఆ అంకె చట్టం ఒప్పుకునే విలువ, అంతే. మార్కెట్ ధరను లోహం, ముద్రించిన సంఖ్య, నాణెం స్థితి, గిరాకీ తేలుస్తాయి. పాతబడితే ధర తప్పక పెరుగుతుందన్నదీ భ్రమే. కొనేవాడు లేకపోతే వెండి విలువే మిగులుతుంది. హైదరాబాద్ టంకశాలలో ముద్రించిన ఎన్టీఆర్ 100 రూపాయల నాణేన్ని వేలల్లో అమ్మారు కదా, నాణెం మీది అంకె వేరు, ధర వేరు అనడానికి అదే ఉదాహరణ.