పాటల మీద పీహెచ్‌డీ అంట, కూడు పెడుతుందా సార్?

ఖమ్మం నుంచి ఒక నాన్నగారు రాశారు. వాళ్ళమ్మాయి హైదరాబాద్‌లో బీఏ సెకండియర్, చిన్నప్పట్నుంచి వయొలిన్ నేర్చుకుంది, లాక్‌డౌన్‌లో స్పానిష్ పాటలు వినడం మొదలెట్టి ఇంక ఆపలేదు, ఇప్పుడేమో వలసపోయిన లాటినో జనాల (మెక్సికో, క్యూబా లాంటి లాటిన్ అమెరికా దేశాలవాళ్ళ) సంగీతం మీద అమెరికాలో రీసెర్చ్ చేస్తానంటోంది. "ఇదసలు చదువేనా సార్, ఎకరం అమ్మి పంపమంటారా" అని ఆయన ప్రశ్న.

సార్, ముందు ఎకరం జోలికి పోకండి, దాని సంగతి తర్వాత చెప్తా.

చదువే సార్ ఇది, ఎత్నోమ్యూజికాలజీ అంటారు. పాట ఒక్కటే కాదు, అది పాడేవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఏం పని చేసి బతుకుతున్నారు, ఎవరి పక్కింట్లో అద్దెకి దిగారు, ఇదంతా కలిపి చదవడం. లాటిన్ సంగీతంలోంచి వలసని తీసేస్తే పెద్దగా ఏం మిగలదు. సల్సా అనే డాన్స్ సంగీతం ఉంది కదా, వేర్లు క్యూబావే కానీ ఆ పేరుతో మార్కెట్లోకి వచ్చింది మాత్రం న్యూయార్క్‌లో, 1960లు 70ల్లో. అమెరికా చేతిలో ఉన్న ప్యూర్టోరికో దీవి వాళ్ళకి 1917లోనే అమెరికా పౌరసత్వం ఇచ్చారు, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక లక్షల్లో న్యూయార్క్ చేరారు. 1964లో ఫానియా రికార్డ్స్ అనే సల్సా రికార్డుల కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకడైన జానీ పచేకో పుట్టింది డొమినికన్ రిపబ్లిక్‌లో, గాయని సీలియా క్రూజ్ క్యూబా వదిలేసి వచ్చినావిడ, గాయకుడు ఎక్తోర్ లావో ప్యూర్టోరికో నుంచి టీనేజ్‌లో వచ్చినవాడు. అంటే ఆ ఊళ్ళో పుట్టనివాళ్ళంతా కలిసి ఆ ఊరి పాట తయారుచేశారన్నమాట.

మీ అమ్మాయి వయొలిన్ మనిషి కాబట్టి తనకి టెక్సాస్ కథ చెప్పండి. 19వ శతాబ్దంలో జర్మన్లూ చెక్‌లూ అక్కడ సెటిలయ్యారు, అకార్డియన్ (హార్మోనియంలా గాలితో పలికే, మెడకి తగిలించుకునే పెట్టె), పోల్కా అనే డాన్స్ వాళ్ళతో పాటే వచ్చాయి, పక్కనే పొలాల్లో పనిచేసే మెక్సికన్లు ఆ పెట్టెని తమ చేతుల్లోకి తీసుకున్నారు. నార్సిసో మార్తినెస్ అని ఒకాయన, 1936లో రికార్డింగ్ మొదలెట్టాడు, ఆయన అకార్డియన్‌లో ఎడమచేతి బేస్ బటన్లని దాదాపు వదిలేశాడు, ఆ పని బాహో సెక్స్తో అనే 12 తీగల గిటార్‌కి అప్పజెప్పి తను కుడిచేత్తో స్పీడుగా ట్యూన్ పట్టుకుపోయాడు. ఆ ఒక్క మార్పుతో జర్మన్ పెట్టె కాస్తా మెక్సికన్ పెట్టె అయిపోయింది. మన వయొలిన్ కథా అదే కదా! తెల్లవాళ్ళతో వచ్చింది, బాలుస్వామి దీక్షితార్ లాంటివాళ్ళు పట్టుకున్నారు, మనవాళ్ళు కింద కూచుని దాని కొసని పాదానికి ఆనించి గమకాలు పలికించారు. మీ అమ్మాయి రోజూ చేస్తున్నదే అది. అప్లికేషన్‌లో స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ ఇక్కణ్ణుంచి మొదలెడితే చాలు, "చిన్నప్పట్నుంచి నాకు సంగీతమంటే ప్రాణం" అని రాస్తే మాత్రం చదివేవాళ్ళు పక్కన పెట్టేస్తారు, నేనైనా అంతే.

నాకు ఇంకా ఇష్టమైంది మెక్సికోలో మాంటెర్రే సంగతి. కుంబియా అనే కొలంబియా డాన్స్ సంగీతం అంటే అక్కడ కొండమీద పేటల్లో ప్రాణం, తమాషా ఏంటంటే కొలంబియా నుంచి జనం పెద్దగా వచ్చింది లేదు, వచ్చింది రికార్డులు. సొనిదేరోలని అంటారు, మన డీజే బాక్సులవాళ్ళ లాంటోళ్ళే, వాళ్ళు వీధుల్లో వాయించేవాళ్ళు. ఒక పార్టీలో టర్న్‌టేబుల్ మోటార్ వేడెక్కి పాట స్లో అయిపోయిందట, జనం అలాగే ఉంచమన్నారట. అలా పుట్టింది కుంబియా రెబహాదా, అంటే స్పీడు తగ్గించిన కుంబియా, అని చెప్పుకుంటారు. ఆ పేటల్లోకి పల్లెల నుంచి పనికోసం వచ్చినవాళ్ళు, తాము ఎప్పుడూ చూడని దేశం పాటని ఎందుకు సొంతం చేసుకున్నారు? ఇదీ రీసెర్చ్ ప్రశ్న అంటే. "వలస, సంగీతం" అని ఊరికే అంటే అది ప్రశ్న కాదు సార్, ఒక ఊరు, ఒక వాయిద్యం పట్టుకోవాలి.

సరే పనిలోకొద్దాం. స్పానిష్ రాకుండా ఇందులో అడుగు కూడా వెయ్యలేరు, పాటల్లో అర్థమైనంత స్పానిష్ చాలదు, ముసలాయన పక్కన కూచుని రెండు గంటలు మాట్లాడేంత కావాలి. హైదరాబాద్‌లోనే ఇఫ్లూ అనే భాషల యూనివర్సిటీ ఉంది, డిగ్రీ అయ్యాక ఢిల్లీ జేఎన్‌యూలో స్పానిష్ ఎంఏ ఉంది, డెలే అనే స్పానిష్ భాషా పరీక్షలో బీ2 లెవెల్ (ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి) టార్గెట్ పెట్టుకోమనండి. ఒకవేళ రీసెర్చ్ కుదరకపోయినా స్పానిష్ ఊరికే పోదు, హైదరాబాద్‌లో మల్టీనేషనల్ కంపెనీలు ఆ భాష వచ్చినవాళ్ళని తీసుకుంటూనే ఉంటాయి, మీ భయానికి నా జవాబు ఇదే.

అమెరికాలో యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ), టెక్సాస్ యూనివర్సిటీ ఆస్టిన్ ఈ సబ్జెక్టుకి పేరున్నవి. వెస్లియన్ యూనివర్సిటీలో అయితే 1960ల నుంచి కర్ణాటక సంగీతం కూడా నేర్పుతున్నారు, మీ అమ్మాయి వయొలిన్‌కి అక్కడ విలువుంటుంది. యూసీఎల్‌ఏ వాళ్ళ ఫ్రాంతెరా కలెక్షన్‌లో మెక్సికన్ పాత రికార్డులు లక్షకి పైగా ఉన్నాయి, ఆన్‌లైన్‌లో శాంపిల్ ముక్కలు ఎవరైనా వినొచ్చు, ఈ రాత్రే వినమనండి. మన దేశంలో గురుగ్రామ్‌లో ఎత్నోమ్యూజికాలజీ ఆర్కైవ్ ఉంది, ఇంటర్న్‌షిప్ ఏమన్నా దొరుకుతుందా అని ఒక మెయిల్ పెడితే పోయేదేం లేదు.

ఇప్పుడు ఎకరం. మంచి యూనివర్సిటీలో పీహెచ్‌డీకి మామూలుగా ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ కూడా ఇస్తారు, సీట్లు చాలా తక్కువ, పోటీ ఎక్కువ, అది వేరే మాట. అలా ఫండింగ్ వస్తేనే వెళ్ళాలి. ఏ కన్సల్టెన్సీ అయినా సొంత డబ్బుతో మాస్టర్స్ చెయ్యండి తర్వాత చూసుకుందాం అంటే అక్కణ్ణుంచి లేచొచ్చెయ్యండి. పోయినేడు ఒక తల్లి ఇలాగే అప్పు చేసి పంపించి, ఇప్పుడు నెలనెలా వడ్డీ కట్టుకుంటోంది. పీహెచ్‌డీ అయ్యాక ప్రొఫెసర్ ఉద్యోగాలు కూడా తక్కువే సార్, దాచను. ఆర్కైవ్‌లు, మ్యూజియంలు, మ్యూజిక్ కంపెనీలు, ట్రాన్స్‌లేషన్, ఇవన్నీ కలిపి చూసుకోవాలి.

ఈ సెలవుల్లో అమ్మాయికి ఒక పని పెట్టండి. నిజామాబాద్, కరీంనగర్ వైపు గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా తెలిసుంటే ఒకాయన దగ్గర కూచుని, అక్కడ రూమ్‌లో రాత్రిపూట ఏ పాటలు వినేవాళ్ళు, ఫోన్‌లోకి ఎవరు పంపేవాళ్ళు, ఎవరన్నా సొంతంగా కట్టారా అని అడిగి, ఆయన ఒప్పుకుంటేనే రికార్డ్ చేసి, రెండు పేజీలు రాసి నాకు పంపమనండి. ఆ రెండు పేజీలు చదివాక మళ్ళీ మాట్లాడుకుందాం.