రేసింగ్ స్కూలుకు డబ్బు కట్టే ముందు

చిరంజీవి వంశీకి,

బాబాయ్ ఆశీస్సులు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, అదే ఎలక్ట్రిక్ కార్ల రేసు, చూసొచ్చినప్పటి నుంచి రేసింగ్ నేర్చుకుంటానంటున్నావు. ఇప్పుడు మూడు స్కూళ్ల బ్రోషర్లు తెప్పించుకున్నావని అన్నయ్య చెప్పాడు. ఆ బ్రోషర్ల మీది కారు బొమ్మల్ని, సర్టిఫికెట్ల బొమ్మల్ని కాసేపు పక్కన పెట్టు. అక్కడ నువ్వు డబ్బిచ్చి కొనుక్కునేవి ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ వేసే చుట్లు, ఆ ల్యాపులు చూసి నీ తప్పు నీకు చెప్పే మనిషి. ఈ రెండూ ఎక్కడ ఎక్కువ దొరుకుతాయో అక్కడ చేరు.

లెక్క ఇలా వెయ్యి. 4 కార్లు, 12 మంది విద్యార్థులు అనుకుందాం. పొద్దుటి క్లాసు, మధ్యాహ్నం భోజనం పోను ట్రాక్ మీద 5 గంటలు మిగులుతాయి. కారుకు ముగ్గురు, అంటే నీ వాటా 100 నిమిషాలు. మనిషి మారినప్పుడల్లా సీటు సర్దాలి, బెల్టులు బిగించాలి. ఎవరి కారైనా గిర్రున తిరిగి ట్రాక్ పక్కనున్న కంకరలో ఇరుక్కుంటే సెషన్ ఆగిపోతుంది. అదంతా తీసేస్తే 80 నిమిషాలు మిగిలితే ఎక్కువ. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 3.717 కిలోమీటర్లు. కొత్తవాళ్లకు ల్యాపుకు రెండుంబావు నిమిషాలు వేసుకుంటే రోజుకు 35 ల్యాపులు. ఫీజును ఆ అంకెతో భాగించి చూడు, చవక అనుకున్న స్కూలు ల్యాపు లెక్కన ఖరీదైందని తేలినా తేలుతుంది. "రెండు రోజుల కోర్సు" అన్న మాటకు విలువ లేదు. స్టీరింగ్ నా చేతిలో ఎన్ని నిమిషాలు ఉంటుంది, కారుకు ఎంతమంది, నలుగురికో ఇన్‌స్ట్రక్టర్ అయినా ఉంటాడా అని మెయిల్లో అడిగి, జవాబు కూడా మెయిల్లోనే తెప్పించుకో.

ట్రాక్ పేరు చూసి మోజుపడకు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు, ఫార్ములా వన్ నడిచిన చోటు. కానీ అక్కడి స్ట్రెయిట్, అంటే మలుపుల్లేని నేరు దారి, కిలోమీటరు పైనే, దాని మీద కాలు నొక్కి కూర్చున్నంతసేపు నువ్వు నేర్చుకునేది ఏమీ ఉండదు. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే సుమారు 2.1 కిలోమీటర్లే. అదే మలుపు త్వరత్వరగా మళ్లీ ఎదురొస్తుంది, కిందటి ల్యాపులో చేసిన తప్పు ఇంకా ఒంట్లో ఉండగానే దిద్దుకోవచ్చు. మొదటి స్కూలుకు నేనైతే చిన్న ట్రాకే మేలంటాను.

కారు సంగతి. సెలూన్ కారైతే, అంటే రోడ్డు మీద తిరిగే మామూలు కారు లాంటిదైతే, మొదటి సెషన్లలో ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని చేయి పెట్టి చూపించగలడు. ఫార్ములా కారులో పక్క సీటే ఉండదు. ఇక్కడ ఎక్కువమంది మొదలుపెట్టే ఫార్ములా ఎల్‌జీబీ 4 అనేది మారుతి స్విఫ్ట్ ఇంజిన్‌తో నడిచే సింగిల్ సీటర్, దానికి ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు. అలాంటి కారు తీసుకుంటే, నువ్వు ట్రాక్ మీద ఉన్నప్పుడు ఇన్‌స్ట్రక్టర్ ఎక్కడ ఉంటాడని అడుగు. మలుపు దగ్గర వాకీటాకీ పట్టుకుని నిలబడి చూస్తాడంటే మంచిది. పిట్‌లో, అంటే కార్లు ఆపే చోట, టైమింగ్ స్క్రీను ముందు కూర్చుంటాడంటే అతనికి నీ టైము కనిపిస్తుందే తప్ప తప్పు కనిపించదు.

కారు వేగం, బ్రేకు, స్టీరింగ్ కదలికలు రికార్డు చేసే డేటా లాగర్ ఉందా, సెషన్ కాగానే నీ గ్రాఫు నీ ముందు పెట్టి మాట్లాడతారా అన్నది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. బ్రేక్ ప్రెషర్ గీత ఒక్కటి చూస్తే చాలు. రోడ్డు మీద నడిపే అలవాటున్న మనిషి పెడల్‌ను మెల్లగా తొక్కడం మొదలుపెట్టి, మలుపు మీదికొచ్చాక గట్టిగా తొక్కి, స్టీరింగ్ తిప్పే క్షణంలో ఠక్కున వదిలేస్తాడు. గీత గుట్టలా మెల్లగా ఎక్కి చివర నిట్టనిలువుగా పడిపోతుంది. వదిలేయగానే కారు ముక్కు పైకి లేస్తుంది, ముందు టైర్ల మీద బరువు తగ్గుతుంది, స్టీరింగ్ ఎంత తిప్పినా కారు నేరుగా జారిపోతుంది. సరైన గీత మొదట్లోనే నిలువుగా లేచి, స్టీరింగ్ తిరుగుతున్న కొద్దీ కొంచెం కొంచెంగా దిగుతుంది. మాటల్లో వందసార్లు చెప్పినా ఎక్కనిది, నీ గీతను ఇన్‌స్ట్రక్టర్ గీత మీద పెట్టి చూపిస్తే ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. గేరు దించేటప్పుడు కూడా అంతే. బ్రేక్ మీద కాలు ఉండగానే మడమతో యాక్సిలరేటర్ తట్టి ఇంజిన్ వేగం కలపకపోతే, క్లచ్ వదలగానే వెనుక చక్రాలు నడిచే కారైతే అవి పట్టేసి బండి తిరిగిపోతుంది. ఇది విడిగా నేర్పుతారా, మొదటి రోజే "ఎవరు ఫాస్టు" అని పోటీ పెడతారా అని కనుక్కో. మొదటి రోజే టైములు బోర్డు మీద రాసే చోటికి వెళ్లకు.

చేరే ముందు ఒక రోజు ఊరికే వెళ్లి చూసిరా. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ పేరు కొట్టెయ్. కార్ల దగ్గర కూర్చుని చూడు. టైరు మీద ఒకచోట చదునుగా అరిగిన మచ్చ ఉంటే అది బ్రేకులు లాక్ చేసిన గుర్తు, స్టీరింగ్ దడదడలాడుతుంటుంది. సస్పెన్షన్ బోల్టుల మీద నట్టు నుంచి లోహం మీదికి పెయింటు గీత గీసి ఉండాలి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటే నట్టు వదులైనట్టు. సెషన్ల మధ్య ఎవరైనా టార్క్ రెంచి (నట్టు ఎంత బిగువుగా ఉందో కొలిచే పానా) తీసి చక్రాలు సరిచూస్తున్నారా? హార్నెస్ బెల్టు (భుజాల మీదుగా, నడుం చుట్టూ కట్టే రేసింగ్ బెల్టు) లేబుల్ మీద ఏ సంవత్సరం వరకు చెల్లుతుందో అచ్చువేసి ఉంటుంది, అది దాటిపోతే అడుగు. అంబులెన్సు, డాక్టరు, ట్రాక్ పక్కన జెండాలు పట్టుకుని నిలబడే మార్షళ్లు లేకుండా కార్లు బయటికి వదిలితే ఇంకేమీ అడగకుండా తిరిగి వచ్చేయ్. నీది ఆరడుగుల ఎత్తు కాబట్టి కారులో ఒకసారి కూర్చుని చూసుకో. వెనుక, ముందు రోల్ హూప్‌ల (కారు తిరగబడితే తలను కాపాడే ఇనుప వంపులు) మధ్య తాడు పట్టినట్టు ఊహించుకుంటే హెల్మెట్ ఆ తాడుకు కిందే ఉండాలి. నడుం బెల్టు తుంటి ఎముకల మీద బిగుసుకోవాలి, పొట్ట మీద కాదు. పొట్ట మీదుంటే దెబ్బ లోపలి అవయవాలకు తగులుతుంది.

మనవాళ్లు ఎక్కువగా ఏమరుపాటు పడేది డ్యామేజీ దగ్గర. డిపాజిట్ ఎంత, ముక్కు పగిలితే ఎంత, విష్‌బోన్ (చక్రాన్ని కారుకు కలిపే సస్పెన్షన్ కడ్డీ) వంగితే ఎంత, టైరు పాడైతే ఎంత, ఎంత పెద్ద దెబ్బ తగిలినా నీ మీద పడే గరిష్ఠం ఎంత అని రాతపూర్వకంగా తీసుకో. వేరేవాళ్లు వచ్చి గుద్దితే ఎవరు కట్టాలో కూడా. నీ సొంత కారుతో ట్రాక్ డేకి వెళ్దామన్న ఆలోచన ఉంటే పాలసీ తీసి చదువు, రేసులకూ స్పీడ్ టెస్టింగ్‌కూ వాడితే కవర్ లేదని అందులో ఉంటుంది. హెల్త్ పాలసీలో మోటార్ రేసింగ్ గురించి ఏం రాశారో కూడా చూడు. వాన పడితే వెట్ టైర్లు వేస్తారా, తేదీ మారుస్తారా, డబ్బు తిరిగి ఇస్తారా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకో. చెన్నై వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, మేలో మూడు పొరల సూట్ వేసుకుని కూర్చోవడం నరకం. జనవరి, ఫిబ్రవరి చూసుకో.

రేసుల్లో దిగాలనుంటే దేశంలో మోటార్ రేసింగ్‌ను నడిపే సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు కావాలి. ఈ కోర్సు సర్టిఫికెట్‌తో ఏ గ్రేడ్ లైసెన్సుకు దరఖాస్తు చేయొచ్చో స్కూలును అడిగి, ఎఫ్ఎంఎస్‌సీఐకి మెయిల్ పెట్టి సరిచూసుకో.

సూట్, హెల్మెట్ మొదటిసారి స్కూలువే వాడు. కొంటే మాత్రం మోటార్‌సైకిల్ హెల్మెట్ కొనకు. హెల్మెట్లు పరీక్షించే స్నెల్ సంస్థ ముద్రలో ఎస్ఏ అని ఉన్నది మంటకూ, రోల్ బార్‌కు మళ్లీ మళ్లీ తగిలే దెబ్బలకూ పరీక్షించింది, ఎం అని ఉన్నది కాదు. కాళ్లకు పల్చటి అడుగున్న బూట్లు ఉండాలి, మందమైన స్పోర్ట్స్ షూస్‌తో పెడల్ కాలికి తెలియదు.

చేరే లోపు హైదరాబాద్‌లోనే పది గంటలు కార్టింగ్ చెయ్. డబ్బు తక్కువ, మలుపులో ఎక్కడ చూడాలో కళ్లకు అలవాటవుతుంది. సిమ్యులేటర్‌లో మలుపుల వరుస కంఠతా వస్తుంది కానీ బ్రేక్ బరువు కాలికి రాదు, దాని మీద ఎక్కువ ఆధారపడకు.

కోర్సు అయిన సాయంత్రమే కారేసుకుని బయలుదేరకు. ఒళ్లు హూనమై ఉంటుంది, నిద్ర ముంచుకొస్తుంది. రాత్రి అక్కడే పడుకుని పొద్దున్నే బయలుదేరు. నీ డేటా ఫైళ్లు, కారులోపలి వీడియో పెన్‌డ్రైవ్‌లో అడిగి తెచ్చుకో.

మూడు స్కూళ్ల జవాబులు రాగానే నాకు పంపు. ఇద్దరం కూర్చుని చూశాకే అడ్వాన్సు కడుదువుగాని.

ఆశీస్సులతో,
బాబాయ్