వేగమైన చిప్ వేస్తే డెడ్‌లైన్లు తప్పవా? మా రొయ్యల గుంట దగ్గర జరిగింది వినండి

"టాస్కులు డెడ్‌లైన్ దాటిపోతున్నాయి, ఇంకా వేగమైన చిప్ వేస్తే సరిపోతుందా?" అని అడిగారు. టాస్కంటే చిప్ చేయాల్సిన ఒక్కో పని, డెడ్‌లైనంటే అది అయిపోవాల్సిన గడువు. సరిపోదు. డబ్బులు దండగ.

మాది కొత్తపట్నం వైపు. చిన్నాయన వనామి రొయ్యల గుంటలకి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే ఆన్ అయ్యేలా, ఫ్రీఆర్‌టీఓఎస్ (చిన్న చిప్‌లో ఏ పని ఎప్పుడు నడవాలో చూసే సాఫ్ట్‌వేర్) మీద ఒక పెట్టె చేసిచ్చాను. మూడు టాస్కులు. ఆక్సిజన్ చూసేది 5 సెకన్లకోసారి, మోడెమ్‌లో మెసేజ్ పంపేది అర నిమిషానికోసారి, మెమరీ కార్డులో రాసేది నిమిషానికోసారి. తరచుగా నడిచేదానికి పెద్ద ప్రయారిటీ, అంటే చిన్నదాన్ని మధ్యలో ఆపైనా చిప్ ముందు దాని పనే చూస్తుంది. ఈ పద్ధతిలో ప్రాసెసర్ వాడకం 69 శాతం లోపుంటే ఏ టాస్కూ ఆలస్యం కాదని లియు, లేలాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1973లోనే లెక్కకట్టారు. నాది 40 కూడా లేదు.

సీడ్ వదిలిన డెబ్బయ్యో రోజు, తెల్లవారుజామున మూడున్నరకి ఫోను. "ఒరే, రొయ్యలు పైకి తేలినాయిరా, నీ పెట్టె పలకటంలా!" గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది సరిగ్గా ఆ వేళకే. నేను పోయేసరికి ఆయనే చేత్తో స్టార్టర్ నొక్కి ఏరేటర్లు తిప్పుతున్నాడు. అయినా తెల్లారాక గట్టువార చచ్చిన రొయ్యల్ని తట్టలకెత్తాం. చిన్నాయన నన్ను ఒక్క మాట అనలా. అదే ఇంకా బాధ.

రెండు రోజులు కూర్చుంటే దొరికింది. సెన్సారూ మెమరీ కార్డూ ఒకే బస్సు (డేటా పోయే తీగల దారి) మీదున్నాయి. కార్డులో రాసే చిన్న ప్రయారిటీ టాస్కు ఆ బస్సుకి తాళం వేసుకుంది, అంటే అది వదిలేదాకా ఇంకో టాస్కు వాడటానికి లేదు. అది తీసేలోపే, దానికంటే పెద్ద ప్రయారిటీ ఉన్న మోడెమ్ టాస్కు పైకొచ్చి దాన్ని ఆపేసింది. సిగ్నల్ లేదు, జవాబు కోసం లూపులో తిరుగుతానే ఉంది. అంత పెద్ద ప్రయారిటీ ఉన్న ఆక్సిజన్ టాస్కు తాళం కోసం నిలబడిపోయింది. ఆ 69 శాతం లెక్క టాస్కులు ఒకదాని కోసం ఒకటి ఆగవు అనుకుని కట్టింది. పైగా మోడెమ్ టాస్కుకి నేను లెక్కలో వేసుకున్న టైము సిగ్నల్ బాగున్న పగటిపూట కొలిచింది.

1997లో అంగారకుడి మీద నాసా నౌక పాత్‌ఫైండర్ మాటిమాటికీ రీసెట్ అయిందీ ఈ జబ్బుతోనే. తాళం పట్టుకున్న చిన్న టాస్కుకి కాసేపు పెద్దదాని ప్రయారిటీ ఇచ్చే ఏర్పాటుని భూమి మీద నుంచే ఆన్ చేశారు. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో తాళంగా వాడే వాటిల్లో మ్యూటెక్స్‌కి అది ఉంది, బైనరీ సెమాఫోర్‌కి లేదు. నేను వాడింది సెమాఫోర్. మ్యూటెక్స్ పెట్టి, మోడెమ్ లూపుకి టైమౌట్ (ఇంతసేపే ఎదురుచూడు అనే హద్దు) కట్టాను. ఆ తర్వాత డెడ్‌లైన్ తప్పలేదు.

కాలేజీలో మాకు రౌండ్ రాబిన్ (టాస్కుల్ని వంతులవారీగా నడిపే పద్ధతి) గడులు గీయించారు, సగటు వెయిటింగ్ టైము లెక్కలు చేయించారు. సగటు ఏం చేసుకోను? ఊపిరాడని రొయ్యకి ఆ ఒక్క రాత్రే లెక్క.

మీ బోర్డులో ఏ టాస్కు ఏ తాళం ఎంతసేపు పట్టుకుంటుందో, సిగ్నల్ లేనప్పుడు కొలిచి ఇక్కడ రాయండి. చూసి చెప్తాను.