టికెట్లు అమ్మబోతున్న మా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

సహాయ నిధి కచేరీకి టికెట్లు అమ్మే పని నువ్వే అడిగి తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ రాత్రి మాత్రం సరిగ్గా నిద్రపట్టలేదు. నలుగురి డబ్బు నీ చేతిలోకి వస్తుంది కదా, అదీ నా టెన్షన్.

అడగడానికి సిగ్గుపడకు. కాదన్నవాళ్లను విసిగించకు. చిల్లర దగ్గరుంచుకో. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా లెక్కల గురించే. నీ వయసులో నా స్నేహితురాలు ఒకామె ఇలాంటి బాధ్యతే నెత్తినేసుకుంది. తెలిసినవాళ్లు "మేమూ అమ్మిపెడతాం" అంటే టికెట్ పుస్తకాలు ఇచ్చేసింది. ఏ నంబర్లు ఎవరికిచ్చిందో రాసుకోలేదు. మనవాళ్లను సంతకం ఎలా అడుగుతామని మొహమాటం. కచేరీ రోజున కొందరు "అమ్ముడుపోలేదు" అన్నారు, టికెట్లు మాత్రం తిరిగివ్వలేదు. ఆ మాట నమ్మి అవే సీట్లకు గేటు దగ్గర మళ్లీ టికెట్లు అమ్మారు. కాసేపటికి ఆ పాత నంబర్లతోనే జనం రావడం మొదలైంది. డబ్బిచ్చి కొన్నవాళ్లు గోడవారగా నిలబడ్డారు, గొడవపడ్డారు. తగ్గిన సొమ్ము తన జీతంలోంచి కట్టింది పిచ్చిది. అయినా "కొంత తినేసుంటుంది" అన్నారు. ఆమె చిల్లిగవ్వ ముట్టలేదని పక్కనే ఉన్న నాకు తెలుసు. ఆ తర్వాత ఏ మంచి పనికి పిలిచినా రాలేదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ కోపమే.

అందుకే చెబుతున్నా, విను. పుస్తకం ఇచ్చేటప్పుడు నంబర్లు రాసి సంతకం పెట్టించుకో. ఉచిత పాసులకూ లెక్క ఉండాలి. టికెట్ చింపి ఇచ్చాక పుస్తకంలో మిగిలే ముక్క (కౌంటర్‌ఫాయిల్) మీద కొన్నవాళ్ల పేరు, ఫోన్ నంబరు రాయి, కచేరీ వాయిదా పడితే కబురు చెప్పడానికి అదే ఆధారం. ఆ డబ్బు నీ పర్సులో కలపకు. ఏ రోజుది ఆ రోజే ఇంకొకరిని కూర్చోబెట్టుకుని లెక్కపెట్టి, అప్పగించి రసీదు తీసుకో. ఫోన్‌లో డబ్బు పంపేవాళ్లు నీ ఖాతాకు కాదు, నిర్వాహకుల ఖాతాకే పంపాలి.

డబ్బు ఎవరికి, ఏ దారిన చేరుతుందో కూడా ముందే అడుగు. 1971 ఆగస్టు 1న సితార్ విద్వాంసుడు రవిశంకర్, బీటిల్స్ బృందంలో పాడిన జార్జ్ హారిసన్ న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ చేశారు. టికెట్ల మీద వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు యూనిసెఫ్‌కు త్వరగానే అందాయి. ఆ కచేరీ పాటల రికార్డులు అమ్మగా వచ్చిన సొమ్ములో చాలా భాగం మాత్రం పన్నుల చిక్కుల్లో ఏళ్ల తరబడి ఇరుక్కుంది. సేవా కార్యక్రమానికి కావలసిన పన్ను ఏర్పాట్లు ముందే చేసుకోకపోవడమే కారణం. అంత పెద్దవాళ్లకే ఆ తిప్పలు. కాబట్టి అడగడానికి నువ్వేం జంకక్కర్లేదు.

ఎండలో తిరిగేటప్పుడు నీళ్లు తాగు. ఒంటరిగా, డబ్బుతో, చీకటిపడ్డాక తిరగకు.

నాకు రెండు టికెట్లు తీసిపెట్టు. డబ్బు తీసుకున్నాకే ఇవ్వు. పెద్దమ్మ కదా అని నంబర్లు రాసుకోకపోతే ఊరుకోను.

మీ పెద్దమ్మ