మోల్డు పని: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 120 మి.మీ. వెడల్పున్న చదరపు డబ్బా మూతకు నాలుగు కావిటీల (ఒక్కసారికి నాలుగు మూతలు వచ్చేలా నాలుగు గుంటలున్న) మోల్డు (అచ్చు) చేయించాలి. మెటీరియల్ పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్). మామూలు మిల్లింగ్ మీద చేసి చేత్తో ఫిట్టింగ్ చేసేవాళ్లు తక్కువ ధర చెబుతున్నారు. సీఎన్‌సీకి (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే కోత మెషిన్‌కు) అంత ఎక్కువ పెట్టడం అవసరమా? (ఒక పాఠకుడు, బాలానగర్)

జవాబు: ఒక్క కావిటీ, సాదా గుండ్రటి మూత అయితే లేత్ మీదే చేయించుకోమనేవాళ్లం. నాలుగన్నారు కాబట్టి సీఎన్‌సీకే వెళ్లండి. నాలుగింటిలో ఒకదాని గోడ మందం కాస్త ఎక్కువైతే చాలు, అది ముందు నిండిపోతుంది, మిగతావి పూర్తిగా నిండకుండా షార్ట్ వస్తాయి. వాటిని నింపడానికి ప్రెషర్ పెంచితే ముందు నిండినదానికి ఫ్లాష్ (అంచు సందులోంచి బయటికొచ్చే పలచని ప్లాస్టిక్ పొర) వస్తుంది. పీపీ పలచగా పారే ప్లాస్టిక్, 0.03 మి.మీ. సందు దొరికినా బయటికి తన్నుకొస్తుంది. ఒకే ప్రోగ్రామ్‌తో కోసిన నాలుగూ ఒక్క కొలతకు వస్తాయి.

ష్రింకేజ్ (చల్లారాక ప్లాస్టిక్ కుంచించుకుపోవడం) లెక్క కూడా తేలిక. పీపీకి 1.5 శాతం అనుకుంటే 120 మి.మీ.కి కావిటీ 121.8 మి.మీ. ఉండాలి. కంప్యూటర్ మోడల్‌ను ఒక్కసారి పెంచితే కోర్ (మూత లోపలి ఆకారమిచ్చే భాగం), కావిటీ, స్పార్క్‌కు (విద్యుత్ స్పార్కులతో లోహాన్ని కొరికే మెషిన్‌కు) వాడే ఎలక్ట్రోడ్ అన్నీ అదే లెక్కన వస్తాయి. అయితే పీపీ గ్రేడ్ ఏదో కోతకు ముందే తేల్చుకోండి. కోసిన ఉక్కును వెనక్కి తేలేం.

అసలు లాభం కొన్నేళ్ల తర్వాత తెలుస్తుంది. ఒక ఇన్సర్ట్ (మోల్డులో విడిగా అమర్చే ముక్క) అరిగిపోతే అదొక్కటే కోయించి వేసుకోవచ్చు. కానీ ట్రయల్ రోజున చేత్తో ఆకురాయి పట్టి చేసిన సవరణలు మోడల్‌లో ఎక్కించకపోతే కొత్త ఇన్సర్ట్ కూర్చోదు. చాలా టూల్ రూముల్లో ఈ పని మరిచిపోతారు. డెలివరీ అప్పుడే సవరించిన మోడల్ అడిగి తీసుకోండి.

ప్రశ్న: సీఎన్‌సీ మీదే చేయించాం. అయినా కావిటీ నిండా గీతలు, పాలిష్‌కు మూడు రోజులు పట్టింది. పార్టింగ్ లైన్ (మోల్డు రెండు భాగాలు కలిసే గీత) దగ్గర 0.04 మి.మీ. మెట్టు కూడా ఉంది. మెషిన్ మంచిది కాదా?

జవాబు: మెషిన్‌ను ఇప్పుడే అనుమానించకండి. గీతలకు కారణం స్టెప్ ఓవర్, అంటే ఒక్కో వరసకు కట్టర్ పక్కకు జరిగే దూరం. దాన్ని దానితోనే గుణించి, బాల్ నోస్ (గుండ్రటి మొన) కట్టర్ వ్యాసానికి నాలుగు రెట్లతో భాగిస్తే గీత ఎత్తు దాదాపుగా వస్తుంది. 6 మి.మీ. కట్టర్‌తో 0.5 మి.మీ. చొప్పున జరిపితే 10 మైక్రాన్లు, 0.2 చొప్పున జరిపితే 2 మైక్రాన్ల లోపే. ఫినిషింగ్ టైమ్ రెండున్నర రెట్లు అవుతుంది, నిజమే. కానీ చేత్తో ఎక్కువ రుద్దితే పార్టింగ్ లైన్ అంచు గుండ్రబడి అక్కడే ఫ్లాష్ మొదలవుతుంది. మెషిన్ గంటలకే డబ్బు పెట్టడం మేలు.

మెట్టు మాత్రం వేడి వల్ల కావచ్చు. 300 మి.మీ. ఉక్కు దిమ్మ 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.035 మి.మీ. సాగుతుంది. ఏసీ లేని షెడ్డులో మధ్యాహ్నం సగం, తెల్లవారుజామున సగం కోస్తే ఇక చెప్పేదేముంది! స్పిండిల్‌ను (కట్టర్‌ను తిప్పే ఇరుసును) 15-20 నిమిషాలు ఖాళీగా తిప్పి, ఆ తర్వాతే టూల్ పొడవు కొలవాలి. రఫింగ్‌లో (మొదటి ముతక కోతలో) 0.5 మి.మీ. వదిలి, క్లాంపులు విప్పి, మళ్లీ బిగించి డయల్ (కొలత గేజి) పెట్టి చూడాలి. ఎక్కువ లోహం తీసేశాక ఉక్కులోని బిగువు వదిలి దిమ్మ కొద్దిగా వంగుతుంది. ఆపైన సెమీ ఫినిషింగ్‌లో అన్నిచోట్లా 0.15 మి.మీ. సమానంగా మిగల్చాలి. ఎక్కువ మిగిలిన మూలలో కట్టర్ వంగి అక్కడ కొలత తప్పుతుంది. కట్టర్‌ను అవసరానికి మించి బయటికి పెట్టారేమో కూడా చూడండి. బయటికున్న పొడవు రెండింతలైతే వంపు ఎనిమిదింతలు.

ప్రశ్న: సీఎన్‌సీ ఉంటే స్పార్క్ మెషిన్ అక్కర్లేదా?

జవాబు: దాని అవసరం ఉంటుంది. తిరిగే కట్టర్ లోపలి మూలను పదునుగా కోయలేదు. 1 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. లోతు రిబ్ (సన్నని పట్టీ) గాడి లాంటివీ స్పార్క్‌కే వెళ్తాయి. అందుకు వాడే రాగి, గ్రాఫైట్ ఎలక్ట్రోడ్లను కోసేదీ సీఎన్‌సీయే. మొదటి ప్రశ్నలోని చదరపు మూత నిలువు మూలలకు 3.5 మి.మీ. రేడియస్ ఇవ్వగలిగితే, లోతు మరీ ఎక్కువ కాకపోతే, 6 మి.మీ. కట్టరే ఆ మూలలు తిరిగేస్తుంది. అక్కడ స్పార్క్ ఖర్చు తప్పుతుంది.