పాత కౌబాయ్ సినిమాల్లో తెల్లవాళ్ళు తప్ప ఎవరూ లేరెందుకు?

"అప్పట్లో అమెరికా పశ్చిమాన రెడ్ ఇండియన్లు, నల్లవాళ్ళు, మెక్సికన్లు ఉండే ఉంటారు కదా, పాత కౌబాయ్ సినిమాల్లో మనుషుల్లా కనబడరేం?" అని అడిగారు.

ఉన్నారండీ. కొందరు తెర మీద కూడా ఉన్నారు, మనమే గుర్తుపట్టలేదు. చిన్నప్పుడు విజయవాడలో అన్నయ్య వెంట ఇంగ్లీషు మార్నింగ్ షోలకి వెళ్ళేవాణ్ణి. కొండ మీద ఈకలు కనబడగానే నేల టికెట్టు వాళ్ళమంతా "వచ్చార్రోయ్" అని అరుపులు, సైన్యం బూర ఊదగానే ఈలలు. గుర్రం మీంచి దొర్లేవాడికి ఓ పేరూ ఊరూ ఉంటాయని ఎవడనుకున్నాడు!

చాలా ఏళ్ళ తర్వాత ఉద్యోగం మీద ఫీనిక్స్‌లో ఉన్నప్పుడు మాన్యుమెంట్ వ్యాలీ చూడ్డానికి వెళ్ళాం. ఎర్రరాతి దిబ్బలు, మధ్యలో మట్టి రోడ్డు. 1939లో 'స్టేజ్‌కోచ్' దగ్గర్నుంచి దర్శకుడు జాన్ ఫోర్డ్ మళ్ళీ మళ్ళీ వచ్చి తీసిన చోటు. అది నవాహో అనే రెడ్ ఇండియన్ తెగ నేల, పార్కు నడిపేదీ వాళ్ళే. ఫోర్డ్ పేరు పెట్టిన రాతి అంచున ఎర్ర చొక్కా కుర్రాడొకడు గుర్రమెక్కి ఫొటోలకి నిలబడుతున్నాడు, పక్కన డబ్బులేయడానికి ఓ రేకు డబ్బా. మమ్మల్ని జీపులో తిప్పిన నవాహో పెద్దాయన అటు చూసి అన్నాడు: "మా తాత ఇక్కడ చాలాసార్లు చచ్చాడు. ఒకసారి అపాచీగా, ఒకసారి కమాంచీగా, ఒకసారి షయాన్‌గా. నవాహోగా మాత్రం ఒక్కసారీ చావనివ్వలేదు." ఆ మూడూ వేరే తెగల పేర్లు, సినిమాల్లో చచ్చే వేషాలన్నమాట. నవ్వాలో వద్దో తెలియక మా ఆవిడ నా వైపు చూసింది.

తిరిగొచ్చి ఆ సినిమాలు మళ్ళీ పెట్టుకు చూశాను. 'ద సెర్చర్స్' (1956)లో కమాంచీ నాయకుడు స్కార్‌గా వేసింది జర్మనీలో పుట్టిన హెన్రీ బ్రాండన్, నీలికళ్ళతో సహా. అపాచీలని మర్యాదగా చూపించిందని పేరు తెచ్చుకున్న 'బ్రోకెన్ యారో' (1950)లో కూడా వాళ్ళ నాయకుడు కొచీస్ వేషం తెల్లవాడైన జెఫ్ చాండ్లర్‌దే. ఆ వేషానికే ఆయనకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. డైలాగున్న వేషం తెల్లవాడికి, కిందపడే వేషం నవాహోకి.

ఇంకో తమాషా. తెర మీద వాళ్ళు కమాంచీలైనా షయాన్‌లైనా, నోట్లోంచి వచ్చేది నవాహో భాషే. స్టూడియోలో ఎవరికీ అది అర్థం కాదు, అడిగేవాడు లేడు. 'రీల్ ఇంజన్' (2009) అనే డాక్యుమెంటరీలో అలాంటి ఒక సీనుకి అర్థం చెప్పి చూపిస్తారు: ఆ గంభీరమైన మాటలన్నీ ఎదురుగా నిలబడ్డ తెల్ల దొరని పచ్చిగా తిట్టిన తిట్లు. హిందీ సినిమాల్లో తెలుగో తమిళమో తేడా లేకుండా 'మద్రాసీ' నోట "అయ్యయ్యో" వింటూ పెరిగినవాణ్ణి కదా, నాకు మహా తృప్తిగా అనిపించింది.

నల్లవాళ్ళకి ఆ కిందపడే వేషాలూ పెద్దగా దక్కలేదు. నిజానికి పశువులు తోలిన కౌబాయ్‌లలో నాలుగో వంతు మంది నల్లవాళ్ళేనని చరిత్రకారుల అంచనా. బానిసగా పుట్టిన బాస్ రీవ్స్, ఇండియన్ టెరిటరీలో (ఇప్పటి ఓక్లహోమా ప్రాంతం) డిప్యూటీ మార్షల్‌గా, అంటే ఫెడరల్ పోలీసుగా, మూడు వేల మందికి పైగా నేరస్థుల్ని పట్టుకున్నాడంటారు. మన తెలుగులో అయితే బుర్రకథ కట్టేసేవాళ్ళు, హాలీవుడ్ దశాబ్దాల పాటు పట్టించుకోలేదు. 1930ల్లో హెర్బ్ జెఫ్రీస్ పాటలు పాడే నల్ల కౌబాయ్‌గా వేశాడు గానీ, అవి నల్లవాళ్ళ హాళ్ళ కోసం విడిగా తీసినవి. 1960లో ఫోర్డే 'సార్జెంట్ రట్లెడ్జ్' తీశాడు. కథంతా వుడీ స్ట్రోడ్ చుట్టూ తిరుగుతుంది, టైటిల్స్‌లో ముందు పేరు మాత్రం తెల్ల నటుడిది.

మెక్సికన్ల దగ్గర పశువులు తోలే విద్య మొత్తం నేర్చుకుని (రాంచ్, రోడియో, లాసో, అన్నీ స్పానిష్ నుంచి వచ్చిన మాటలే) తెర మీద వాళ్ళని బందిపోట్లని చేశారు. రైలు పట్టాలు వేసిన చైనా కూలీలు చాలా సినిమాల్లో వంటవాళ్ళు, చాకళ్ళుగా మిగిలారు.

వీళ్ళు మనుషుల్లా కనబడే సినిమాలు చూడ్డం ఎక్కడ మొదలుపెట్టాలంటే, నా ఓటు 'లిటిల్ బిగ్ మ్యాన్' (1970)కి. హీరో తెల్లవాడే, కానీ ముసలి షయాన్ పెద్దగా వేసిన చీఫ్ డాన్ జార్జ్ కెనడాలో నిజంగానే ఒక తెగకి నాయకుడిగా ఉన్నవాడు. చివర్లో ఆ షయాన్ పెద్ద చచ్చిపోదామని కొండెక్కి పడుకుంటాడు. వాన మొహం మీద పడుతుంది. చావు రాదు. లేచి, తడిసిన బట్టలతోనే ఇంటిదారి పడతాడు.